అజ్ఞాతవాసములో పాండవుల పనులు



వానలు వెనుకపట్టినప్పుడు గ్రామములలో విరాటపర్వమును చదివించుట మన తెలుగునాట పూర్వమునుండి ఉన్న ఆచారము. పారాయణము ముగియులోపల చినుకు పడునని పెద్దల విశ్వాసము. ఆ పర్వమును మరియొక కరవులో కూడ చదువుకొనవచ్చునని మాకు చాలకాలముగా తోచుచున్నది. అది ఉద్యోగము పోయిన ఇంటిలోని కరవు.

ఈ మాట ఇప్పుడు చెప్పుటకు కారణమున్నది. 2020వ సంవత్సరములో కరోనా వ్యాధి వలన బడులు మూతపడినప్పుడు ప్రైవేటు బడులలో పాఠము చెప్పుకొను ఉపాధ్యాయులు అనేకులు కూరగాయల బండి పెట్టుకొనిరి. కొందరు ఉపాధి హామీ పనిలో పార పట్టిరి. ఆ తరువాతి సంవత్సరములలో కంప్యూటరు కంపెనీలలో పెద్ద జీతములు పొందుచున్న యువకులకు ఒక్క ఉత్తరముతో పని పోవుట మనము చూచుచున్నాము. ఆ ఉత్తరము కూడ కంప్యూటరులోనే వచ్చును. ముఖము చూచి చెప్పువాడు సైతము ఉండడు. మా వద్దకు జాతకములు పట్టుకొని వచ్చు తల్లిదండ్రులలో ఇట్టివారు ఎక్కువైరి. శని ఎప్పుడు వదలునని అడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకంటె, ఆ అబ్బాయి ఉదయము ఎన్ని గంటలకు లేచుచున్నాడు, పగలంతయు ఏమి చేయుచున్నాడు అని అడుగుట మాకు ముఖ్యముగా తోచును.

ఏలయనగా పని పోయినవానికి మొదట పోవునది ధనము కాదు. ధనము రెండు మూడు నెలల తరువాత పోవును. మొదటి దినముననే పోవునది తాను ఎవరు అను మాట. పెండ్లి పందిరిలో కూర్చున్నంతనే ప్రక్కవారు అడుగు మొదటి ప్రశ్న “అబ్బాయి ఏమి చేయుచున్నాడు?” అనునదే కదా. ఆ ప్రశ్నకు భయపడి పెండ్లిండ్లకు పోవుట మానుకొన్నవారు ఉన్నారు. ఇంటిలో చెప్పలేక, ప్రతిదినము అన్నపు డబ్బా పట్టుకొని బయలుదేరి, పార్కులో కూర్చుండి సాయంకాలము తిరిగి వచ్చువారు ఉన్నారు. ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారును లేకపోలేదు. కనుక ఇది కాలక్షేపమునకు చెప్పుకొను విషయము కాదు.

ఇప్పుడు పాండవులను చూడుడు. రాజ్యము పోయెను. తప్పు చేసి పోగొట్టుకొన్నవాడు ధర్మరాజు. తాము జూదమాడకయే పోగొట్టుకొన్నవారు నలుగురు తమ్ములు, ద్రౌపది. అరణ్యము మాత్రము అందరికిని ఒకటే. నీ తప్పు వలన పోయినదా, పరుల తప్పు వలన పోయినదా అని విచారించుటకు అడవిలో పన్నెండు సంవత్సరముల వ్యవధి ఉన్నది. భీముడు ఆ విచారణ చేసెను కూడ, అన్నగారిని గట్టిగానే ఆక్షేపించెను. కాని వారు ఆ విచారణలోనే ఉండిపోలేదు. బృహదశ్వ మహర్షి వచ్చి ధర్మరాజునకు నలోపాఖ్యానము చెప్పెను. ఆ మహర్షి వద్దనే ధర్మరాజు అక్షహృదయమును, అనగా పాచికల రహస్యమును నేర్చుకొనెను. ఏ ఆటలో సర్వము పోగొట్టుకొనెనో ఆ ఆట మర్మమును, పోగొట్టుకొన్న పిమ్మట, అడవిలో తీరిక దొరికినప్పుడు నేర్చెను. పదమూడవ సంవత్సరమున కంకుభట్టు అను పేర విరాటుని కొలువులో ఆయనకు నిలువ నీడనిచ్చినది ఆ విద్యయే.

అర్జునుడును అట్లే. దివ్యాస్త్రముల కొరకు స్వర్గమునకు వెళ్లినవాడు, ఇంద్రుని మాటపై చిత్రసేనుడను గంధర్వుని వద్ద నృత్యగీతములు నేర్చెను. యుద్ధము చేయవలసినవానికి నాట్యమేల? ఆనాడు ఎవరైనను అడిగియుందురు. బృహన్నలయై ఉత్తరకు నాట్యము చెప్పినది ఆ విద్యతోనే. భీముడు గరిటె పట్టి వలలుడైనాడు. నకులుడు గుఱ్ఱములవద్ద, సహదేవుడు ఆవులవద్ద చేరిరి. వీరిలో ఎవ్వరును కొత్తగా మరియొకరు కాలేదు. పదవి క్రింద అణగి ఉన్న ఇష్టమును బయటికి తీసిరి, అంతే. ఇంద్రప్రస్థములో ఉన్నప్పుడు భీమునకు వంటయింటిలోనికి పోవుటకు తీరిక ఎక్కడిది?

మాకు అన్నిటికంటె ప్రియమైనది నలుని కథలోని ఒక చిన్న సంగతి. నలుడు కర్కోటకుని కాటు వలన రూపము మారి, బాహుకుడను పేర అయోధ్యలో ఋతుపర్ణ మహారాజు వద్ద గుఱ్ఱములను చూచుకొనుచుండెను. రాజుగా ఉండినవాడు అశ్వశాలలో బ్రతుకుట సులభము కాదు. అతడు ప్రతి సాయంకాలము, పనులు ముగిసిన తరువాత, ఒక శ్లోకము చదువుకొనెడివాడని మహాభారతము చెప్పుచున్నది. దినమునకు ఒకే శ్లోకము, అదియు ఎల్లప్పుడు అదే. తాను విడిచి వచ్చిన భార్య ఎక్కడ పడియున్నదో, ఏమి తిన్నదో అను తలపు. తోటి సేవకుడు జీవలుడు విని, ఎవరిని గూర్చి రోజు ఇట్లు చదువుచున్నావని అడిగెను. చూచితిరా, ఆ శ్లోకమునకు సన్మానము లేదు, సభ లేదు. వినువాడు ఒక గుఱ్ఱపువాడు. అయినను ఆ సాయంకాలపు వేళ ఒకటి ఉన్నందువలననే నలుడు నలుడుగా నిలిచెను.

ఋతుపర్ణుని రథముపై వేగముగా విదర్భకు తీసికొనిపోవుచుండగా జరిగినది కూడ గమనింపదగినది. రాజు దారిలో ఒక తాండ్ర చెట్టును చూచి, దాని ఆకులు ఇన్ని, కాయలు ఇన్ని అని లెక్క చెప్పెను. నలుడు రథము నిలిపి, తాను లెక్కించి చూడనిదే కదలనని పట్టుబట్టెను. రాజునకు తొందర, దమయంతి రెండవ స్వయంవరమునకు ఆ దినమే చేరవలెను. ఇతనికి లెక్క కావలెను! అంత దుఃఖములో ఉన్నవానికి ఆకుల లెక్కపై కుతూహలము మిగిలియుండుటయే ఆశ్చర్యము. ఆ లెక్క సరిపోయెను. నలుడు తన అశ్వవిద్యను ఇచ్చుటకు ఒప్పుకొని అక్షవిద్యను పొందెను. పొందినంతనే అంతకాలము అతని శరీరములో ఉన్న కలి బయటికి వచ్చెను. వ్యాసులవారు ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన ఊరక పెట్టలేదని మా అభిప్రాయము.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయవలసియున్నది. ఆ తాండ్రకాయలే వేదకాలమున పాచికలు. ఋగ్వేదము పదవ మండలమున జూదరి గోడు చెప్పు సూక్తమొకటి కలదు. అందులో అత్త ద్వేషించుట, భార్య దూరమగుట, రాత్రివేళ పరుల ఇంటికి అప్పునకు పోవుట, అన్నియు కన్నులకు కట్టినట్లుండును. సేద్యము చేసికొనుము, ఉన్నదానిని గొప్పగా ఎంచి సంతోషించుము అని ఆ ఋషి చివరకు చెప్పును. పని లేనివాని చేతిలోనికి నేడు పాచికలు సెల్‌ఫోను రూపమున వచ్చినవి. పోయిన జీతమును ఒక్క రాత్రిలో రప్పింతునని పేకాటకు కూర్చున్న ఇండ్లను మేము ఎరుగుదుము. చిన్న సంతోషము వేరు, మత్తు వేరు. చేసిన తరువాత చేతిలో ఏదైన మిగులునది మొదటిది. చేతిలో ఉన్నది పోవునది రెండవది.

1984వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ్‌లో కరణము, మునసబు మొదలగు గ్రామాధికారుల పదవులు రద్దయ్యెను. దాని మంచిచెడ్డలు రాజకీయ విషయము. అది మనకు వలదు. అప్పుడు మేము పాఠశాలలో అధ్యాపకులము. ఆ గ్రామపు కరణముగారు తాతముత్తాతల నాటినుండి లెక్కలు వ్రాసిన ఇంటివారు. దస్త్రములు పోయిన తరువాత ఆయన అరుగుమీద కూర్చుండి దారి చూచెడివారు. వచ్చువారు లేరు. కొన్నాళ్లకు అరుగు మీదికి వచ్చుటయు మానిరి. మా గురువుగారు ఆయనకు వేదాంతము చెప్పలేదు. పిల్లల పుస్తకములు చినిగిపోవుచున్నవి, అక్షరములు చిన్నవి, మీ దస్తూరి ముత్యముల వలె ఉండును గదా, అరుణమును పెద్ద అక్షరములతో వ్రాసిపెట్టుడని ఒక కాగితముల కట్టను పంపిరి.

మొదటి దినమున ఏడు పంక్తులు వ్రాసిరి. స్వరములు గుర్తించుట ఆయనకు రాదు. అనుదాత్తమునకు అక్షరము క్రింద అడ్డగీత, స్వరితమునకు పైన నిలువుగీత, ఎఱ్ఱసిరాతో పెట్టవలెను. ఒక్క గీత తప్పినను పాఠము తప్పును. అందుచేత రోజు సాయంకాలము ఒక పిల్లవానిని పిలిపించుకొని, వాడు చెప్పుచుండగా వ్రేలితో పోల్చి చూచెడివారు. భూమి శిస్తు లెక్కలో దమ్మిడీ తేడా పట్టుకొన్న కన్ను అది. మా పిల్లలు చెప్పుటలోనే దోషములు ఆయన పట్టుకొన్న సందర్భములున్నవి. దానివలన ఆయనకు జీతము రాలేదు. ఇల్లు ఎప్పటివలె పొలము కౌలుమీదనే గడచెను. కాని రెండు నెలలు గడచిన పిమ్మట ఆయన భార్యగారు మా గురువుగారి ఇంటికి వచ్చి, “ఇప్పుడు మారు వడ్డించమని అడుగుచున్నారండి” అని చెప్పి, కన్నులు తుడుచుకొని వెళ్లిరి.

గోల్కొండ కోట చూచినవారు రామదాసు బందిఖానాను చూచియుందురు. పాల్వంచ పరగణాకు తహశీలుదారుగా ఉండిన కంచెర్ల గోపన్నగారు పదవి పోయి, స్వేచ్ఛయు పోయి, తానీషా కాలమున పన్నెండేండ్లు అక్కడ ఉండిరని ప్రతీతి. గోడపై మలచియున్న దేవతామూర్తులను ఆయనయే చెక్కిరని పరంపరగా చెప్పుకొందురు. కీర్తనలు సరే, అవి లోకమంతయు పాడుచున్నది. మేము ఆ గోడవద్ద ఎక్కువసేపు నిలిచితిమి. రాముడు రక్షించువరకు చేతులు కట్టుకొని కూర్చుండక, ఉన్న గోడనే పనిగా చేసికొనిన భక్తి అది.

అయితే చిన్న పనులన్నియు తీయగానే ఉండునని మేము చెప్పము. అది అబద్ధము. సైరంధ్రియైన ద్రౌపది మాలలు కట్టెను, తలలు దువ్వెను, గంధము తీసెను. గంధము తీసి తీసి అరచేతులు కాయలు కాచెను. కీచకుడు అవమానించిన రాత్రి ఆమె వంటయింటికి పోయి ఆ చేతులను భీమునకు చూపెను. భీముడు ఏమి చేసెను? ప్రారబ్ధమని చెప్పెనా? ఆ చేతులను తన ముఖమునకు ఆనించుకొని ఏడ్చెను. ఇంటిలో ఒకరికి పని పోయినప్పుడు తక్కినవారు మొదట చేయవలసినది అది. ఉపదేశము తరువాత. “అంతయు మాయ, ధ్యానము చేసికొనుము” అని పని పోయిన మూడవ దినమున చెప్పు పండితులను చూచిన మాకు కోపము వచ్చును. అన్నమును నిందింపరాదని, అన్నమును సమృద్ధిగా చేయవలెనని తైత్తిరీయోపనిషత్తు వ్రతముగా విధించినది. భృగువు అన్నము బ్రహ్మమని మొదట తెలిసికొని, పిమ్మట ఒక్కొక్క మెట్టుగా ఆనందమునకు చేరెను. కనుక కొత్త ఉద్యోగము వెదకుట మానరాదు. అది పగటి పనిలో ముఖ్యభాగము. దానిని మించి మిగిలిన ఘడియలకే మేము ఈ మాట చెప్పుచున్నది.

ఆ ఘడియలకు ఏ పని మంచిది? ఆ దినముననే కొంత పూర్తియగునది, కంటికి కనబడునది, దేవునికో పొరుగువారికో పనికివచ్చునది. ఒకరు ఇంటి వెనుక తులసి, మరువము పెంచిరి. ఒకమ్మగారు తల్లి పాడిన మంగళహారతులను గుర్తుకు తెచ్చుకొని నోటు పుస్తకములో ఎక్కించిరి. ఆమెకు కంపెనీలో పని పోయినందుననే ఆ పాటలు మిగిలినవి. వీధిలోని పిల్లలకు ఎక్కములు చెప్పువారున్నారు. మోదుగాకులతో విస్తరి కుట్టుట పాఠశాలలో మేమందరము నేర్చినదే. ఇప్పటికిని వర్షాకాలపు మధ్యాహ్నము నాలుగు విస్తళ్లు కుట్టిన మాకు నిద్ర బాగుగ పట్టును. రామకోటి మంచిదే గాని, రోజునకు వేయి నామములని లెక్క పెట్టుకొని, లెక్క తప్పినదని రాత్రి దుఃఖించువారిని చూచితిమి. అది మరియొక ఆఫీసు! పది నామములు వ్రాయుడు, అక్షరము చూచుకొనుచు వ్రాయుడు.

మన ఆలయమున స్వామివారి మాలలు కట్టుటకు తెల్లవారుజామున అయిదు గంటలకు ముఖమండపము తెరచెదరు. అరటినార తడిపి సిద్ధముగా ఉంచుదురు. బంతి, చామంతి, శుక్రవారము కనకాంబరములు వచ్చును. ముడి వేయుట రాదని సంకోచింపవలదు. నేర్పుటకు పెద్దవారు ఉన్నారు, మగవారికి కూడ నేర్పుదురు. ఆరున్నరకు మాలలు లోనికి పోవును. ఎవరు ఏ ఉద్యోగము చేయుచున్నారని అక్కడ అడుగు వాడుక లేదు.

స్వస్తి.