గ్రాంటు అడగడానికి మొహమాటమెందుకు?



నేను ఈఎంఈలో ఇరవై నాలుగేళ్లు చేసి జాముల్‌లో స్థిరపడ్డాను. పక్కనే సిమెంటు ఫ్యాక్టరీ. భిలాయి ఉక్కు కొలుములు వదిలేసిన స్లాగ్‌తో అక్కడ సిమెంటు చేస్తారు. మా రెండోవాడు ఆ స్లాగ్ మీదే పీహెచ్‌డీ చేస్తున్నాడు. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ 31,000 కాస్తా 37,000 అయింది, సంతోషమే. కానీ వాడికి ఏడు నెలలు పైసా అందలేదు. మెస్ బిల్లు నా పెన్షన్‌లోంచే కట్టాను. "మానేస్తాను నాన్నా" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరం నిద్రపోలేదు.

తలుపు ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది. 2008 చట్టంతో పుట్టిన సెర్బ్ స్థానంలోకి 2024 ఫిబ్రవరిలో ఏఎన్ఆర్ఎఫ్ వచ్చింది. దానికి గైడుగారు ప్రాజెక్టు పెడితే, అందులోంచి కుర్రవాడికి ఫెలోషిప్ రావచ్చు. మన రక్షణ శాఖలో 2018 నుంచి ఐడెక్స్ ఉంది. స్టార్టప్‌లకు గ్రాంటు ఇస్తారు. అంతే వాటా మనమూ పెట్టుకోవాలి, ఆ మాట ముందుగా ఎవరూ చెప్పరు!

ఒక్క బోల్టు కోసం మూడు కాపీల ఇండెంట్ రాసినవాళ్లం మనం. ప్రపోజలూ అంతే: ఏం కావాలి, ఎందుకు, ఎంత, ఎప్పటికి. మావాడి చిత్తుప్రతిలో సైన్సు దివ్యంగా ఉంది, బడ్జెట్ పేజీ మాత్రం ఖాళీ. ఇద్దరం కూర్చుని లెక్కలు వేశాం, గైడుగారు సరిదిద్ది పంపారు. పాత బకాయి పోయిన నెల పడింది. ప్రపోజల్‌కి జవాబు ఇంకా రాలేదు.