సిగ్నలు క్యాబిను

వికారాబాదు నుండి జహీరాబాదు మీదుగా బీదరు పోయే రైలు న్యాల్‌కల్ ప్రాంతపు శ్రోతలకు కొత్త కాదు. బండి ఏ పట్టా మీదికి మళ్ళవలెనో, ఎక్కడ నిలువవలెనో చెప్పేది సిగ్నలు. ఆ సిగ్నలు అబద్ధమాడకుండా చూచే ఉపాయమును గూర్చి నేడు మేము ముచ్చటింపదలచినాము.

ఆ ఉపాయమును కళ్ళారా చూడదగిన పాత క్యాబిను ఒకటి ఇంగ్లండులోని సెయింట్ ఆల్బన్స్‌లో నేటికీ నిలిచి ఉన్నది. 1892లో మిడ్‌లాండ్ రైల్వేవారు కట్టించిన రెండంతస్తుల కొయ్యకట్టడమది. సిగ్నల్‌మనిషికి బండ్లు కనబడుటకై పై అంతస్తుకు అద్దాల కిటికీలు అమర్చినారు. లోపల ఇనుప లీవర్లు బారులు తీరి ఉన్నవి: ఎర్రవి ఆపు సిగ్నళ్ళకు, నల్లవి పాయింట్లకు, నీలివి పాయింట్ల తాళాలకు. లీవరు లాగితే తీగ సాగి దూరాన సిగ్నలు రెక్క కదులుతుంది. కడ్డీ జరిగి పాయింటు మళ్ళుతుంది.

అసలు కిటుకు లీవర్ల అడుగున ఉన్నది. ఒక లీవరు లాగగానే ఇనుప పట్టీలు జరిగి, దానికి విరుద్ధమైన లీవర్లను బిగించివేస్తవి. పాయింటు సరిగా అమరి తాళం పడనిదే సిగ్నలు ఇచ్చుటకు వీలు లేదు. మనిషి పొరబడినా ఇనుము ఒప్పుకొనదు. ఇదే ఇంటర్‌లాకింగ్. దీనికి జాన్ సాక్స్‌బీ 1856లోనే పేటెంటు పొందినాడు.

అయినను అది అంతటా తప్పనిసరి అగుటకు ఒక ఘోరం జరుగవలసివచ్చినది. 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా వద్ద విహారయాత్రకు పోతున్న బండి ఎత్తు ఎక్కలేక ఆగినది. దానిని రెండుగా విడదీయగా, వెనుక పెట్టెలు వాలున జారి, వెంట వస్తున్న బండిని ఢీకొన్నవి. సుమారు 80 మంది మరణించినారు; వారిలో పిల్లలు ఎందరో! కొన్ని నిమిషాలు ఆగి, ముందు బండి ఎక్కడున్నదో తెలియకయే రెండవదానిని పంపుట అచటి అలవాటు. ఆ ఏడాదే పార్లమెంటు చట్టం చేసినది: ఒక భాగంలో ఒకే బండి ఉండవలెను, ఇంటర్‌లాకింగ్ ఉండవలెను, ప్రయాణికుల బండి తెగినచో బ్రేకులు వాటంతట అవే పడవలెను.

సెయింట్ ఆల్బన్స్ క్యాబిను పని 1979లో ముగిసినది. ఔత్సాహికులు దానిని బాగుచేసి సందర్శకులకై నిలిపినారు. మన స్టేషన్లలోను లీవర్ల పని చాలవరకు విద్యుత్తుకు, కంప్యూటర్లకు చేరినది. కాని 2023 జూన్ 2న ఒడిశాలోని బహానగా బజారు వద్ద, ముందుకు సాగుమన్న సిగ్నలును నమ్మి వచ్చిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ పక్క పట్టాపై నిలిచి ఉన్న గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా అసువులు బాసినారు. సిగ్నలు తీగల మార్పులో జరిగిన తప్పిదమే కారణమని విచారణలో తేలినది.

ఇనుప పట్టీ పోయి తీగ వచ్చినా ధర్మం మారలేదు. యంత్రం మన తప్పును ఆపగలదు. కాని ఆ యంత్రమును విప్పి బిగించే చేతిని ఆపగలిగినది మన జాగ్రత్త ఒక్కటే.