బొమ్మలు గీయని బొమ్మల దర్శకుడు

కదలు బొమ్మల చిత్రములు పిల్లల వినోదమునకేయని మనము తలంతుము. జపాను దర్శకుడు ఇసావో తకహతా (1935–2018) కృషి ఆ తలంపును మార్చును.

1945 జూన్‌లో ఒకయామా నగరముపై బాంబులు కురిసినపుడు, తొమ్మిదేండ్ల ఆ బాలుడు మంటల నడుమ పరుగిడి ప్రాణము దక్కించుకొనెను. 1959లో తోయెయ్ చిత్రసంస్థలో చేరెను. 1968లో వెలువడిన తొలి చిత్రము ధనము తేలేదు. అచట మరియొక పూర్తి నిడివి చిత్రము ఆయనకు దక్కలేదు. ఆయన స్వయముగ బొమ్మలు గీయువాడు కాడు. ఏమి గీయవలెనో చిత్రకారులకు తెలుపువాడు.

1988 నాటి ‘మిణుగురుల సమాధి’ యుద్ధకాలమున దిక్కులేని అన్నాచెల్లెండ్ర కథ. ఖాళీయైన మిఠాయి డబ్బాలో అన్న నీరు పోసి చెల్లెలికిచ్చును. ఆ తీపినీటిని ఆమె మురిసి త్రాగును. యుద్ధమనగా నేమో మనకప్పుడు తెలియును. ఆ చిత్రమును పిల్లలు చూచునపుడు ప్రక్కన మనమును కూర్చుండవలెను.