దమయంతి నమ్మిక



మోసపోయినవానికి గాయములు రెండు. మొదటిది పోయిన సొమ్మును గూర్చినది. అది కాలక్రమమున మానును. రెండవది పోయిన నమ్మికను గూర్చినది. అది పైకి మానినట్లే యుండి లోలోపల సలుపుచుండును. బంధువునకు జామీను నిలిచి, ఆ బంధువు తప్పించుకొనగా తన పొలమమ్మి అప్పు తీర్చినవారు మన గ్రామములలో లేకపోలేదు. అట్టివాడు పిమ్మట పొరుగువానికి కాడిని ఎరువిచ్చుటకైనను జంకును. కొన్నాళ్లకు గుడికి వచ్చుటయు మానును. "మనుష్యులును అంతే, దేవుడును అంతే" యని నిట్టూర్చును.

అట్టివానికి పెద్దలమైన మనము సాధారణముగా రెండు మాటలలో నొకటి చెప్పుదుము. "జరిగినది మఱచి మునుపటివలెనే యుండు" మనుట యొకటి. "ఇక నెవ్వరిని నమ్మకు" మనుట వేఱొకటి. మొదటిదానిని పాటించినచో మఱల మోసపోవుట తథ్యము. రెండవదానిని పాటించుట ఎవ్వరి తరమును గాదు. విత్తనమును, వానను, కూలివానిని, ధాన్యము కొనువానిని బొత్తిగా నమ్మనివాడు పైరు పెట్టజాలడు గదా! ఈ రెంటికి నడుమ మూడవ త్రోవ యొకటి కలదు. దానిని దమయంతి కథయందు మనము స్పష్టముగా చూడవచ్చును.

జూదమున సర్వస్వము కోల్పోయి కామ్యకవనమున దుఃఖించుచున్న ధర్మరాజునకు బృహదశ్వ మహర్షి ఈ కథ చెప్పెను. భారతమున నిది అరణ్యపర్వములోనిది. ఆంధ్రమున నన్నయభట్టారకుడు దీనిని రచించెను. శ్రీనాథుని శృంగారనైషధము నలదమయంతుల వియోగమునకు ముందే ముగియును. మనకు నేడు కావలసినది ఆ పిమ్మటి కథ.

తోబుట్టువగు పుష్కరునితో జూదమాడి నలుడు రాజ్యము కోల్పోయెను. అడవిలో కట్టుబట్టయు పోగా భార్య చీరలో సగము చించుకొని, నిదురించుచున్న యామెను విడిచి వెడలిపోయెను. ఎవనిని నమ్మి దేవతలను సైతము కాదనెనో వాడే యామెను విడిచెను. అంతటితో ముగియలేదు. కొండచిలువ పట్టుకొనగా నొక బోయ వచ్చి రక్షించెను. రక్షించినవాడే పిమ్మట దుర్బుద్ధితో సమీపించెను. ఆశ్రయమిచ్చిన వర్తకుల బిడారును రాత్రివేళ ఏనుగులు త్రొక్కివేయగా, మిగిలినవారిలో కొందఱు "ఈమె వచ్చుటచేతనే మనకీ కీడు మూడిన" దని నిందించిరి. ఇన్ని దెబ్బలు తినిన మనస్సు మఱల తలుపు తెఱచుట యెట్లు?

ఆమె చేదినగరము చేరెను. చినిగిన చీరతో వీథిని పోవుచున్న యామెను చూచి రాజమాత జాలిపడి తనయొద్ద నుండుమని పిలిచెను. దమయంతి ఆ పిలుపును త్రోసిపుచ్చలేదు. కన్నులు మూసికొని అంగీకరింపను లేదు. ఎంగిలి తిననని, ఒరుల పాదములు కడుగనని, పరపురుషులతో పలుకనని, భర్తను వెదకించుటకై బ్రాహ్మణులతో మాత్రము మాటాడుదునని చెప్పి, ఆ నియమములకు రాజమాత సమ్మతించిన పిమ్మటనే లోపలికి పోయెను. ఇది అనుమానము గాదు. హద్దులెఱిగిన నమ్మిక. ఆ రాజమాత తన తల్లికి తోబుట్టువే యని యామెకు తరువాత గాని తెలియలేదు. తలుపు బొత్తిగా మూసికొనియున్నచో ఆ బంధుత్వము ఎన్నటికిని తెలిసియుండదు.

పుట్టినిల్లు చేరిన పిమ్మట దమయంతి భర్తను వెదకుటకు బ్రాహ్మణులను దేశదేశములకు పంపెను. అయోధ్యలో ఋతుపర్ణుని కొలువున బాహుకుడను కురూపియగు సారథి తన మాటలకు కంట తడిపెట్టి బదులు చెప్పెనని పర్ణాదుడు వచ్చి తెలిపెను. ఆమె ఉప్పొంగిపోలేదు. ఉపాయమున వానిని విదర్భకు రప్పించి, చెలికత్తెయగు కేశినిని పంపి వాని నడవడి కనిపెట్టుమనెను. వట్టి కుండలవైపు వాడు చూచినంతనే అవి నీటితో నిండెను. చేతనున్న గడ్డి తనంతట మండెను. వాడు వండినదానిని తెప్పించి రుచిచూడగా అది నలుని వంటయే. పిల్లలను పంపగా వాడు వారిని కౌగిలించుకొని యేడ్చెను. అప్పుడు గాని యామె వానిని ముఖాముఖిగా ప్రశ్నింపలేదు. నలునకును ఆమె రెండవ స్వయంవరపు వార్తచే సందేహము కలిగియుండెను. అతడును దానిని దాచక అడిగెను. ఇరువురును అడిగిరి, ఇరువురును బదులు చెప్పిరి. అడుగక దాచుకొనిన సందేహముపై ఏ కాపురమును నిలువదు.

ఇక దైవము మాట. నీరు, నిప్పు, వంటలో రుచి — ఈ గుర్తులు ఎక్కడివి? తొల్లి స్వయంవరమున వరుణుడు, అగ్ని, యముడు నలునకు ఇచ్చిన వరములివి. ఆ వరములు రాజ్యము పోకుండ ఆపలేదు, అడవి తప్పింపలేదు. అప్పుడు ఎవ్వరైనను "దేవతల వరము వ్యర్థమయ్యె" ననియే యందురు. కాని విడిపోయినవారు మఱల కలియుటకు అవియే ఆనవాళ్లయ్యెను. కర్కోటకుని సంగతియు నిట్టిదే. మంటలనుండి రక్షించిన నలునే ఆ పాము కఱచెను. చూచుటకు అది కృతఘ్నత. ఆ విషము బాధించినది నలుని గాదు, నలునిలో దాగిన కలిని. కష్టము రాకుండ చేయుమని దేవునితో బేరమాడినవాడు కష్టము రాగానే దేవుడు మోసగించెననును. దమయంతి అట్టి బేరమాడలేదు.

పుష్కరుని మాట గూడ మఱవరాదు. నలుడు మఱల గెలిచి వానిని చంపలేదు. వాని భాగము వానికిచ్చి, వాని పట్టణమునకు పంపెను. క్షమించుట వేఱు, మఱల తన రాజ్యమును వాని చేతిలో పెట్టుట వేఱు.

ఈ నడుమత్రోవ పురాణకాలమునకే చెందినది గాదు. 1904లో మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము వచ్చెను. ఆ చట్టముననుసరించి గ్రామసంఘములలో అపరిమిత బాధ్యత సామాన్య నియమమై యుండెను. అనగా సంఘపు అప్పునకు సభ్యులందఱును పూచీదారులు. ఒండొరులను నమ్మనిదే అట్టి సంఘము పుట్టదు. అయినను ఏటేట లెక్కల తనిఖీ జరుగవలెననియు ఆ చట్టమే విధించెను. నమ్మిక కలచోట తనిఖీ యేల యని ఎవ్వరును అలుగ బనిలేదు. తనిఖీ నమ్మికకు శత్రువు గాదు, కంచె.

కావున మోసపోయిన మనుష్యుడు మీ అరుగుమీదికి వచ్చినప్పుడు వానికి పెద్ద ధర్మములు చెప్పకుడు. వానినుండి చిన్న వస్తువొకటి ఎరువు తీసికొని, చెప్పిన దినమున, చెప్పిన వేళకు తిరిగి యిండు. వాడు లెక్క అడిగిన కోపింపక చూపుడు. మఱునాడు మఱి కొంచెము పెద్ద పని అప్పగించును. గుడికి రమ్మని తొందరపెట్టకుడు. ఉత్సవమునకు తోరణము కట్టు పనికి తోడు పిలువుడు. దమయంతికి చేదినగరపు రాజమాత చేసిన మేలు ఇంతియే: నియమములు విని, అలుగక, చోటిచ్చెను. అట్టి చోటు మన గ్రామములలో ఉండునట్లు చూచుట మనవంటి వృద్ధుల పని.