పొద్దుటి నడుము బిగుతు, గంజాయి మందు

నడుంనొప్పి మీద ఉపన్యాసమంటే మామూలుగా ఇంతమంది రారు. కరపత్రంలో గంజాయి అన్న మాట చూసి వచ్చినవాళ్లూ ఉన్నారని తెలుసు. ఫర్వాలేదు, కూర్చోండి.

బరువెత్తితే పట్టేసే నడుము గురించి కాదు నేను చెప్పేది. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అని ఒక జబ్బుంది. ఎక్కువగా ఇరవైల్లో, ముప్పైల్లో మొదలవుతుంది. తెల్లవారుజామున నొప్పి నిద్ర లేపేస్తుంది. లేచాక అరగంట, గంట దాకా నడుము వంగదు. పడుకుంటే పెరుగుతుంది, నాలుగడుగులు వేస్తే తగ్గుతుంది. ఇంట్లోవాళ్లేమో 'కదలకురా, పడుకో' అంటారు! కటి ఎముక వెన్నుతో కలిసే కీలు దగ్గర వాపు మొదలవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ కొందరికి వెన్నుపూసల మధ్య కొత్త ఎముక పెరిగి, వెన్నంతా కర్రలా బిగుసుకుపోతుంది. హెచ్‌ఎల్‌ఏ-బీ27 అనే జన్యువుకీ దీనికీ సంబంధముందని 1973లో తేలింది.

ఇక గంజాయి సంగతి. కలకత్తా మెడికల్ కాలేజీలో పనిచేసిన డాక్టర్ ఓషానెస్సీ 1839లో ఒక వ్యాసం రాశారు. కీళ్లవాతం రోగి ఒకడికి మధ్యాహ్నం రెండింటికి ఒక గ్రెయిన్ గంజాయి బంక ఇచ్చారట. నాలుగింటికి అతను ఆపకుండా మాట్లాడుతూ, పాటలు పాడుతూ, ఇంకా అన్నం పెట్టమని కేకలేస్తూ, నాకు పూర్తిగా నయమైపోయిందన్నాడు. ఆరింటికి నిద్రపోయాడు. ఎనిమిదింటికి ఒళ్లు తెలియదు. చెయ్యి ఎత్తి వదిలితే ఎక్కడ వదిలారో అక్కడే నిలబడిపోయింది! నొప్పి లేదని అతనన్నది నిజమే కావచ్చు. కీలులో వాపు తగ్గిందా మరి? మాకు ఇవాళ్టికీ కావలసిన జవాబు అదే.

ఈ వెన్ను జబ్బుకు మేమిచ్చే, వాపు రేపే టీఎన్‌ఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లకు దారి వేసినవాళ్లలో లండన్‌కు చెందిన మార్క్ ఫెల్డ్‌మన్ ఒకరు. ఆయన బృందమే, జెరూసలేం శాస్త్రవేత్త మెషూలమ్‌తో కలిసి, గంజాయిలో మత్తెక్కించని సీబీడీని కీళ్లవాతం తెప్పించిన ఎలుకలకు ఇచ్చి చూసింది. 2000లో ఫలితాలు వచ్చాయి. వాపు తగ్గింది, కీళ్ల అరుగుదలా తగ్గింది. అయితే ఒక స్థాయి దాటి డోసు పెంచితే గుణం పెరగడం మాని తగ్గింది. 'ఇంకో నాలుగు చుక్కలు వేసుకుంటే పోలా' అనేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

మనుషుల్లో కథ ఇంత బాగా లేదు. 2006లో బ్రిటన్‌లో 58 మంది రుమటాయిడ్ రోగులపై గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ, సీబీడీ కలిసిన నోటి స్ప్రేను ఐదు వారాలు పరీక్షించారు. ఉత్తుత్తి స్ప్రే కొట్టుకున్నవాళ్లతో పోలిస్తే నొప్పి తగ్గింది, నిద్ర బాగుపడింది. పొద్దుటి బిగుతులో తేడా రాలేదు. తర్వాత డెన్మార్క్‌లో 136 మంది మీద పన్నెండు వారాలు సీబీడీ మాత్రలు పరీక్షించారు. వాళ్లలో సొరియాసిస్ కీళ్లవాతం ఉన్నవాళ్లూ ఉన్నారు. అది మన వెన్ను జబ్బుకు దగ్గర చుట్టమే. ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా కనబడలేదు. వాళ్లిచ్చిన డోసు చిన్నదే, ఒప్పుకుంటాను.

అందుకని, గంజాయి మందుతో నిద్ర పట్టిందని రోగి చెబితే నేను కొట్టిపారేయను. నొప్పి లేదు కదా అని ఇంజెక్షన్ మానేస్తేనే నాకు భయం. లోపల వాపు తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. పొగ పీల్చేవాళ్లకు ఇంకో మాట: మన దగ్గర గంజాయిని పొగాకులో కలిపి కాలుస్తారు. పొగాకు ఈ జబ్బులో వెన్నును మరింత పాడు చేస్తుంది. ఈ జబ్బుకే ఇచ్చే టోఫాసిటినిబ్ మాత్రలు వాడేవాళ్లు సీబీడీ నూనె జోలికి వెళ్లేముందు డాక్టరుకు చెప్పాలి. ఆ మాత్రను కరిగించే లివర్ ఎంజైమును సీబీడీ అడ్డుకుంటుంది.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను. 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ప్రకారం పూత కొసలు గంజాయి. కొసలు లేని ఉత్త ఆకు గంజాయి లెక్కలోకి రాదు. ఆయుర్వేదంలో విజయ పేరుతో ఈ ఆకు మందులు ఉన్నది అందుకే. మన్యం నుంచి మూటల్లో దిగేది మాత్రం మందు కాదు. అందులో టీహెచ్‌సీ ఎంతుందో అమ్మేవాడికీ తెలియదు.

ఇక ప్రశ్నలు అడగండి. నడుంనొప్పితో వచ్చినవాళ్లు, పొద్దున లేచాక ఎంతసేపు బిగుసుకుపోయి ఉంటున్నారో ముందు చెప్పండి.