మంద్రతంత్రి మీది దెబ్బ

పెద్దలారా,

బాస్ గిటారను వాద్యమును గూర్చియు, దానిమీద దరువువలె బిగువైన నాదమును రాబట్టు విధమును గూర్చియు నేడు నాలుగు మాటలు మనవి చేయదలచితిని. ఇది పడుచువారి వాద్యము గదా, మాకేల యని మీరనవచ్చును. కాని తిరునాళ్ళకును, పెండ్లిండ్లకును ఏ మేళము రావలెనో, ఎంతసేపు వాయింపవలెనో గ్రామమున నిర్ణయించువారు మీరే. ఆ మేళమువారి పెట్టెలనుండి వెలువడు మంద్రధ్వని గుండెల నదరగొట్టినప్పుడు మనము వాద్యమునే నిందింతుము. దోషము వాద్యమునందున్నదా, వాయించు చేతియందున్నదా, ధ్వనిని పెంచు యంత్రమునందున్నదా యని విచారింపక చెప్పిన తీర్పు న్యాయమైన తీర్పు కానేరదు.

ముందుగా వాద్యస్వరూపము. ఇది మన వీణవలె మెట్లు గలది. సామాన్యముగా తంత్రులు నాలుగు. అన్నిటికంటె లావైనది సెకనుకు సుమారు 41 మారులును, తక్కినవి వరుసగా 55, 73, 98 మారులును కంపించును. తంత్రులక్రింద అయస్కాంతములును, వానిచుట్టు సన్నని రాగితీగ చుట్లును గల పికప్పు అమర్చియుందురు. లోహతంత్రి కదలినప్పుడు ఆ చుట్లలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఆంప్లిఫయరు దానిని పెంచి లౌడుస్పీకరునకు అందించును. అమెరికాలోని సియాటిల్ నగరమున పాల్ టట్‌మార్క్ అను నాతడు 1930 దశకముననే ఇట్టి వాద్యమును నిర్మించెను గాని యది వ్యాప్తి చెందలేదు. 1951లో కాలిఫోర్నియా రాష్ట్రమునందలి ఫుల్లర్టన్ పట్టణమున లియో ఫెండర్ ప్రెసిషన్ బాస్ అను పేర దీనిని అమ్మకమునకు తెచ్చెను. అంతకుముందు మేళములలో మంద్రస్వరమునకు మనిషి యెత్తు గల డబుల్ బాసే ఆధారము. దానికి మెట్లు లేవు. క్రొత్తదానికి మెట్లుండుటచే స్వరము ఖచ్చితముగా పలికెను. పేరులోని ప్రెసిషన్ అను మాటకు అర్థమదియే.

ఇక దరువు సంగతి. డప్పును నిప్పుసెగకు కాచి బిగించుట మీరెరిగినదే. వదులైన చర్మము బొయ్యిమని మూలుగును. బిగిసిన చర్మము ఫెళ్ళున పలికి యూరకుండును. దెబ్బకు రెండు లక్షణములు గలవు: తటాలున పుట్టుట, వెంటనే అణగుట. రెండవది లేనిచో మొదటిది వినబడదు. ముందటి దెబ్బ తోక వెనుకటి దెబ్బ తలను కప్పివేయును. తంత్రి స్వభావమా, మీటిన పిమ్మట చాలసేపు మ్రోగుచునే యుండుట. కావున బాస్ గిటారును దరువుగా పలికింపగోరువాడు తంత్రిని మీటుటతోపాటు దానిని ఆపుటయు అభ్యసింపవలెను. ఎడమచేతి వ్రేలిని మెట్టునుండి కొంచెము సడలించి, తంత్రిని విడువక తాకియుంచినచో నాదమాగును. కుడి అరచేతి అంచును గుర్రముకడ మృదువుగా ఆనించినచో నాదము పొట్టిదై, మొదలు మాత్రమే గట్టిగా వినబడును.

ఇందుకు గొప్ప నిదర్శనము జేమ్స్ జేమర్సన్. ఈయన 1936లో జన్మించి 1983లో కాలధర్మము నొందెను. డెట్రాయిట్ నగరమున మోటౌన్ సంస్థవారి పాటలకు 1960 దశకమంతయు బాస్ వాయించినవారిలో ఈయనయే ప్రధానుడు. మొదట డబుల్ బాస్ నేర్చినవాడగుటచే కుడిచేతి చూపుడువ్రేలొక్కటితోడనే మీటెడివాడు. చదునైన రేకుతీగ చుట్టిన లావు తంత్రులను వాడెను. తెగిననే గాని మార్చెడివాడు కాడు. ప్రాతబడిన తంత్రికి గణగణలాడు మెరుపు పోయి, బరువైన మొత్తుడు మిగులును. గుర్రముపై లోహపుమూత క్రింద స్పంజి ముక్క యుండి తంత్రిని అదిమిపట్టెడిది. ఆ దినములలో రికార్డులమీద ఇట్టి వాద్యకారుల పేర్లు వేయుట అరుదు. కోట్లమంది ఆయన దరువునకు అడుగులు వేసిరి గాని, ఆయన పేరెరిగినవారు బహుకొద్దిమంది. ఇంటి పునాది ఎవరి కంట బడును? లాస్ ఏంజెలెస్ నగరమున కారోల్ కే అను విదుషీమణి చిన్న పలకతో తంత్రిని మీటుచు, తంత్రులపై మెత్తని గుడ్డముక్క నుంచి, మరియొక రీతిని ఇట్టి బిగువునే సాధించెను.

వేరొక మార్గము లారీ గ్రాహముది. ఈయన యౌవనమున శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతమున తల్లితో కూడి కచేరీలు చేయుచుండగా, మేళమున డ్రమ్ము వాయించువాడు లేకపోయెను. ఆ కొరత తీర్చుటకై ఈయన బొటనవ్రేలితో లావు తంత్రిని గ్రుద్ది పెద్దడ్రమ్ము దెబ్బను, చూపుడువ్రేలితో సన్నతంత్రిని పైకిలాగి విడిచి చిన్నడ్రమ్ము చురుకును కల్పించెను. గ్రుద్దిన తంత్రి మెట్లకు తగిలి టక్కుమనును. అదియే ఆ నాదమునకు ప్రాణము. పిమ్మట స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ అను మేళమున చేరి 1969లో ఈ రీతిని లోకమునకు వినిపించెను. ఒక్క వాద్యమే తంత్రియు చర్మమును అయ్యెను. మనవారు మృదంగమున ఎడమమూతికి పిండిముద్ద పెట్టి మంద్రమును దింపి, అరచేతితో దాని నాపుచు, కుడివైపున వ్రేళ్ళతో చురుకుదెబ్బలు పలికించుట ఈ సందర్భమున నాకు తలపునకు వచ్చును. మార్గములు వేరు, చేతికి తెలియవలసిన మర్మమొక్కటియే.

మీటుచోటును ముఖ్యమే. గుర్రమునకు దగ్గరగా మీటిన నాదము సన్నగా, గట్టిగా ఉండును. మెట్లవైపు జరిగినకొలది గుండ్రనై మెత్తబడును. బిగువు, బరువు రెండును కావలసినవారు నడిమి తావును వెదకుకొందురు. క్రొత్త తంత్రులకు మెరుపెక్కువ; గుండ్రని తీగ చుట్టినవానికి మరియు నెక్కువ. వీనిలో ఏది మంచిదని యడుగుటకంటె, ఏ పాటకు ఏది తగునని యడుగుట మేలు.

తుదకు యంత్రము. ధ్వనిని పెంచిన మాత్రమున బిగువు రాదు. అతిమంద్రమును మిక్కిలి పెంచినచో దెబ్బ మొదలు మునిగిపోయి, గోడలు మాత్రమదరును. తెలిసినవారు పెంచుటకు ముందు తగ్గింతురు: 200 నుండి 300 కంపనముల నడుమ మందగొడిగా కమ్ముకొను ధ్వనిని కొంత తీసివేసిన, దెబ్బ తేటపడును. పెట్టెను గది మూలకు చేర్చిన మంద్రము ఉబ్బును. ఇవతలకు జరిపిన కుదురుకొనును. అన్నిటికంటె ముఖ్యమైనది, పెద్దడ్రమ్ము దెబ్బయు తంత్రి దెబ్బయు ఒక్క క్షణమున పడుట. రెండును తప్పినచో ఎంత ధ్వని పెంచినను అది రణగొణయే గాని తాళము కాదు.

కావున నా విన్నపమిది. రాత్రి 10 గంటలనుండి ఉదయము 6 గంటలవరకు లౌడుస్పీకర్లు వాడరాదని 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములు శాసించుచున్నవి. పండుగలకు ప్రభుత్వము సడలింపు నీయవచ్చును గాని, తొట్టెలోని పసివాని చెవికి పండుగ యని తెలియదు. మేళమును కుదుర్చుకొనునప్పుడు పెట్టెలెన్ని తెత్తురని యడుగకుడు. ధ్వనిని బాగుగా తగ్గించి ఒక పాట వాయింపుమనుడు. అప్పుడును మీ పాదము తనంత తాను తాళము వేసినచో, ఆ కుఱ్ఱవాని చేతిలో విద్య యున్నది; వానిని ఆదరింపుడు. వేయనిచో, వాని కింకను అభ్యాసము కావలెనని చెప్పుడు. అంతేగాని వాద్యమును ఊరినుండి వెలివేయకుడు. చేతగానితనమును మోతతో కప్పుట ఏ విద్యయందును చెల్లదు. ఎప్పుడు కొట్టవలెనో, ఎప్పుడు ఊరకుండవలెనో ఎరిగినవాని దెబ్బయే దూరము పోవును.