ఓడ పైనుంచి చూసిన ఆఫ్రికా



డచ్చివారి పాత సముద్రపటాలను ఇవాళ వేలంలో పాడుకునేవాళ్ల చూపు మూలల్లో వేసిన ఏనుగుల మీదా సింహాల మీదా ఉంటుంది. వాటిని కాసేపు పక్కనపెట్టి, ఊళ్ల పేర్లు ఎటు తిరిగి ఉన్నాయో చూడండి. పశ్చిమాఫ్రికాలోని గినియా తీరపు పటంలో పేర్లన్నీ తీరరేఖకు అడ్డంగా, నేల మీదికి చెక్కి ఉంటాయి. చదవాలంటే పటాన్ని తిప్పుకుంటూ పోవాలి. నావికుడు దారి గీసుకోవాలి కనుక సముద్రం వైపు ఖాళీగా వదిలారు. అక్కడ ఉండేవి దిక్సూచి గీతలు, లోతును బారల్లో చెప్పే అంకెలు, రేవుల దగ్గర లంగరు బొమ్మలు, మునిగిన రాళ్లకు చిన్న శిలువ గుర్తులు. అడుగున కొవ్వు పెట్టిన సీసపు గుండును తాడు కట్టి దించేవారు. తాడు లోతు చెప్పేది. కొవ్వుకు అంటుకొచ్చిన ఇసుకో బురదో లంగరు పట్టు దొరుకుతుందో లేదో చెప్పేది.

ఈ విద్యలో డచ్చివారికి పెట్టుబడి పోర్చుగీసువారిదే. గోవా ఆర్చిబిషప్పు దగ్గర కార్యదర్శిగా ఉన్న డచ్చివాడు లిన్స్‌హోటెన్, వాళ్ల దారుల గుట్టును 1596లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చువేయించాడు. అలా ఎదిగినవాళ్లు తమ వంతు వచ్చేసరికి తాళాలు వేసుకున్నారు. 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ తన పటాలను సముద్రపు తేమకు చెడిపోని తోలుకాగితం మీద చేత్తో గీయించేది, ప్రయాణం ముగియగానే తిరిగి రాబట్టుకునేది. తూర్పు సముద్రాల పటాలను పటాలు అచ్చువేసే వాన్ కూలెన్ కుటుంబం ‘జీ ఫాకెల్’ అనే సముద్రపటాల సంపుటిలో ఆరో భాగంగా అచ్చువేసింది 1753లో గానీ కాదు. పశ్చిమాఫ్రికా తీరం మాత్రం అప్పటికి ఎన్నో ఏళ్లుగా అంగట్లో దొరుకుతూనే ఉంది. పోటీదార్లందరూ ఎరిగిన తీరంలో దాచడానికి ఏముంది?

ఇక లోపలి నేల సంగతి. అక్కడంతా తెల్లగా వదిలేస్తే, తెలియనిది తెలియదని ఒప్పుకున్న నిజాయితీ అని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకు ఒప్పుదల లేదు. ఓల్ఫర్ట్ డాపర్ అనే ఆయన ఆఫ్రికాలో అడుగుపెట్టకుండానే, 1668లో అదే ఆమ్‌స్టర్‌డామ్‌లో, బెనిన్ నగరం బొమ్మతో సహా ఆ ఖండం మీద లావుపాటి పుస్తకం వేశాడు. అంటే సమాచారం ఊళ్లోనే ఉంది. ఓడవాడికి అది అక్కర్లేదు, అంతే. అతనికి కావలసినవి దంతాల తీరం, బంగారు తీరం, బానిసల తీరం. ఆ బంగారు తీరంలోని ఎల్మినా కోట 1637లో డచ్చివారి చేతికి వచ్చింది. అట్లాంటిక్ దాటించడానికి వాళ్ల ఓడలు ఎక్కించుకున్న ఆఫ్రికన్లు ఐదు లక్షలకు పైనే. ఆ మనుషులు ఏ ఊళ్లనుంచి నడిచి ఆ రేవుకు వచ్చారో పటంలో వెతికితే దొరకదు.

ఇందులో మన ఊసూ ఉంది. మచిలీపట్నంలో డచ్చివారికి కోఠీ ఉండేది. కోరమాండల్ మగ్గాల మీద నేసిన ముతక నూలుబట్టకు యూరప్ బజారులో పేరే గినీ గుడ్డ. గినియా తీరంలో బానిసలకు మారకంగా ఇచ్చిన సరుకుల్లో అదీ ఒకటి. ఈ పటాలను అద్దాల బీరువాల్లో ప్రదర్శనకు పెట్టే మ్యూజియాలు పక్కనే డాపర్ పుస్తకాన్నీ, గినీ గుడ్డ పద్దులున్న సరుకు జాబితాలనూ తెరిచి పెట్టాలని నా కోరిక.